ష్టెర్బిక్ ఎవరివాడు అని అడిగేవాళ్ళతో

హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్ ఆర్పాద్ ష్టెర్బిక్ పేరు ఎత్తగానే చాలామంది ఆయన వేసుకున్న చొక్కాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. సెర్బియాలో పుట్టాడు, హంగేరీ వెళ్ళాడు, అక్కణ్ణుంచి స్పెయిన్, స్పెయిన్‌లోనే మూడు క్లబ్బులు, తర్వాత మాసిడోనియా, మళ్ళీ హంగేరీ. ఇది చాలదన్నట్టు జాతీయ జట్టు కూడా మార్చాడు. డబ్బెక్కడ ఉంటే అక్కడికి పోయే రకం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనంటే నాకు వల్లమాలిన అభిమానం, అది దాచుకోను, కానీ మంట అందుకు కాదు. ఆ కెరీర్‌లో ఏ ఏడాది ఏం జరిగిందో వరసగా చూసుకుంటూ పోతే, ఆయన వదిలేసి వెళ్ళినవాటికంటే ఆయన కాళ్ళ కింద నుంచి జారిపోయినవే ఎక్కువ కనిపిస్తాయి. దేశం పోయింది, ఊళ్ళో క్లబ్బు పోయింది, ఆ క్లబ్బుని నడిపిన డబ్బు పోయింది. నింద మాత్రం మనిషి మీద పడింది.

హ్యాండ్‌బాల్ పెద్దగా చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇండోర్ ఆట, కోర్టులో జట్టుకి ఏడుగురు, అరగంట చొప్పున రెండు సగాలు. గోల్ మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. దాని ముందు ఆరు మీటర్ల గీత, ఆ గీత లోపలి నేల గోల్‌కీపర్ ఒక్కడిదే. విసిరేవాడు ఆ గీత ఇవతల నుంచి గాల్లోకి ఎగిరి, కాలు నేలకి తగిలేలోపు బంతి వదిలెయ్యాలి, అంటే బంతి వదిలే క్షణానికి కీపర్‌కి ఇంకా దగ్గరికి వచ్చేసి ఉంటాడు. బంతి గంటకి వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వస్తుంది. కీపర్‌కి గ్లవ్స్ ఉండవు. ఒంటి చేత్తోనో, మోకాలితోనో, అవసరమైతే మొహంతోనో ఆపాలి. మూడు బంతుల్లో ఒకటి ఆపితే చాలు, ఆ రోజు బ్రహ్మాండంగా ఆడాడంటారు. మిగతా రెండూ వెనక వలలో ఉంటాయి, తీసి ఇచ్చేసి మళ్ళీ నిలబడాలి. ష్టెర్బిక్ ఈ పని దాదాపు ఇరవై ఏళ్ళు యూరప్‌లో అత్యున్నత స్థాయిలో చేశాడు, 2005లో ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. గోల్స్ కొట్టేవాళ్ళ మీదే కెమెరాలుండే ఆటలో ఒక గోల్‌కీపర్‌కి ఆ గౌరవం దక్కడం మామూలు విషయం కాదు.

ఆయన 1979లో సెంతాలో పుట్టాడు. సెర్బియా ఉత్తరాన, వోయివోదినా ప్రాంతంలో, తీసా నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం అది. జనంలో ఎక్కువమంది హంగేరియన్లు, ష్టెర్బిక్ మాతృభాష కూడా హంగేరియనే. ఆయన పుట్టేనాటికి దేశం పేరు సోషలిస్టు యుగోస్లావియా. ఆయనకి పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి అది ముక్కలైంది, సెర్బియా, మాంటెనెగ్రో మాత్రం కలిసి ఉండి పాత పేరే పెట్టుకున్నాయి. 2003లో ఆ పేరు కూడా తీసేసి సెర్బియా-మాంటెనెగ్రో అన్నారు. 2006లో మాంటెనెగ్రో విడిపోయింది, సెర్బియా ఒక్కటే మిగిలింది. సెంతాలో తన ఇంటి అరుగు దిగని ముసలాయన కూడా ఈ దేశాలన్నిట్లోనూ బతికినట్టే లెక్క. అలాంటి చోట పుట్టినవాణ్ణి పట్టుకుని నీ జెండా ఏది అని అడిగితే, ఏ సంవత్సరం జెండా అని ఎదురు అడగాల్సి వస్తుంది.

అక్కడ హ్యాండ్‌బాల్ అంటే చిన్నాచితకా ఆట కాదు. 1972 మ్యూనిక్, 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ రెండిట్లోనూ బంగారు పతకం యుగోస్లావియాదే, 1986లో ప్రపంచ ఛాంపియన్ కూడా వాళ్ళే. బెల్‌గ్రేడ్‌కి పడమర షాబాత్స్ అనే ఊళ్ళో, మెటలోప్లాస్టికా అనే ఫ్యాక్టరీ పేరుతో నడిచిన క్లబ్బు 1985లో, 1986లో వరసగా యూరప్ కప్ గెలిచింది. ఒక మోస్తరు పట్టణం, ఒక ఫ్యాక్టరీ, యూరప్‌లో అందరికంటే గొప్ప జట్టు. జర్మనీ, స్పెయిన్ క్లబ్బులకి ఎంత డబ్బున్నా ఆ రోజుల్లో వీళ్ళ ముందు నిలబడలేకపోయేవి. మరి ఆ ఊళ్ళ పిల్లలు బయటి దేశాలకి ఎందుకు పోవాల్సి వచ్చింది? ఈ ప్రశ్న వేసుకోకుండా ఆటగాళ్ళని తిట్టడం నాకు నచ్చదు.

1992లో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించింది, అవి వ్యాపారంతో ఆగలేదు, ఆటలకి కూడా పాకాయి. ఆ ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్‌లో యుగోస్లావియా టీమ్ క్రీడల జట్లని అడుగు పెట్టనివ్వలేదు. మరుసటి ఏడాది ధరలు ఎంత పిచ్చిగా పెరిగాయంటే ఏకంగా యాభై వేల కోట్ల దినార్ల నోటు అచ్చువేశారు. జీతం చేతికొచ్చిన రోజే ఖర్చుపెట్టకపోతే మర్నాటికి దానికి విలువ లేదు. ఫ్యాక్టరీలు మూతపడితే వాటి పేరుతో నడిచే క్లబ్బులు ఎలా నిలబడతాయి? 1999 వసంతంలో నాటో బాంబులు పడ్డాయి, నోవీ సాద్‌లో దనూబ్ నది మీద వంతెనలు కూలాయి. ఆ బాంబుదాడులు ఆగింది జూన్ 10న. అదే జూన్ నెలలో ఈజిప్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది, దేశం మీద ఇంకా బాంబులు పడుతుండగా మొదలుపెట్టిన యుగోస్లావియా జట్టు ఆ టోర్నీలో కంచు పతకం గెలుచుకుంది. ఇంటికి ఫోన్ కలుస్తుందో లేదో తెలియని టెన్షన్‌లో, ఎవరు ఎక్కడ బతికున్నారో అనుకుంటూ ఆడిన మ్యాచ్‌లవి. ఈ పతకం గురించి చెప్పాల్సినంతగా ఎవరూ చెప్పరు.

నోవీ సాద్ పక్కనే కాచ్ అనే చిన్న ఊరుంది. ష్టెర్బిక్ అక్కడి యుగోవిచ్ క్లబ్బులో ఎదిగాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, కంచు పతకం మ్యాచ్‌లో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాడు, ఆ మ్యాచ్‌లో ఓడించింది స్పెయిన్. 2001లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మాత్రం కంచు దక్కింది. అదే ఏడాది యుగోవిచ్ యూరప్ ఛాలెంజ్ కప్ గెలిచింది, అదే ఏడాది ఆయన హంగేరీలోని వెస్ప్రేమ్‌కి మారాడు. పరాయి దేశానికి పోయాడనే మాట ఇక్కడినుంచే మొదలవుతుంది. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాష వీధిలో కూడా వినిపించే చోటికి, జీతం సమయానికి వచ్చే చోటికి, ఆ ఆటంటే ప్రాణమిచ్చే ఊరికి ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు వెళ్ళాడు. ఇందులో తప్పెక్కడుందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

వెస్ప్రేమ్ 2002లో ఛాంపియన్స్ లీగ్, అంటే యూరప్ క్లబ్బులకి అన్నిటికంటే పెద్ద పోటీ, దాని ఫైనల్‌కి వచ్చి జర్మనీ క్లబ్బు మాగ్డెబుర్గ్ చేతిలో ఓడింది. ఈ ఓటమిని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

2004లో స్పెయిన్. సియుదాద్ రియాల్ అనే ఊరు, లా మాంచా మైదానంలో, జనాభా డెబ్భై అయిదు వేల దరిదాపు. అలాంటి ఊరి క్లబ్బు 2006, 2008, 2009లలో యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. కోచ్ తలాంత్ దుయ్‌షెబాయెవ్, కిర్గిజ్‌స్తాన్‌లో పుట్టి, సోవియట్ల కాలంలో ఆడి, తర్వాత స్పెయిన్ తరఫున ఆడిన మనిషి. గోల్‌లో ష్టెర్బిక్. ఏడేళ్ళు ఉన్నాడక్కడ. ఏడేళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నవాణ్ణి సంచారి అనడం ఏం న్యాయం?

ఆ క్లబ్బుకి డబ్బు వచ్చింది రియల్ ఎస్టేట్ నుంచి. స్పెయిన్‌లో ఆ రోజుల్లో కట్టడాల పిచ్చి ఎంతగా ఉండేదంటే, ఆ ఊరి బయటే వంద కోట్ల యూరోలకు పైగా పోసి ఒక ప్రైవేటు విమానాశ్రయం కట్టారు. విమానాలు రాక 2012లో దాన్ని మూసేశారు. 2008 తర్వాత నిర్మాణరంగం కుప్పకూలింది, క్లబ్బుకి డబ్బిచ్చే చెయ్యి ఆగిపోయింది. 2011లో క్లబ్బుని మూటగట్టి మాడ్రిడ్‌కి తరలించి అట్లెటికో మాడ్రిడ్ పేరు పెట్టారు. కాబట్టి పైన నేను రాసిన మూడు క్లబ్బుల్లో మొదటి రెండూ నిజానికి ఒకటే క్లబ్బు, ఊరు మారింది క్లబ్బే. ష్టెర్బిక్ 2012లో బార్సిలోనాకి వెళ్ళాడు. 2013 జూలైలో అట్లెటికో హ్యాండ్‌బాల్ జట్టు అప్పుల్లో మునిగి మూతపడింది. మూడుసార్లు యూరప్ గెలిచిన క్లబ్బు, రెండేళ్ళలో పేరు కూడా లేకుండా పోయింది. ఆయన అక్కడే ఉండిపోయి విశ్వాసం చూపించాల్సిందంటే, ఎవరికి చూపించాలి? తలుపుకి వేసిన తాళానికా?

ఇలాంటిదే మా స్కూల్లో చూశాను కాబట్టి నాకీ విషయం మీద ఇంత పట్టింపు. జిల్లా పరిషత్ స్కూల్ మట్టి గ్రౌండులో, సున్నంతో గీత గీసుకుని హ్యాండ్‌బాల్ ఆడేవాళ్ళం. మా సీనియర్ ఒకాయన రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడాడు. అప్పటికి ఇక్కడ ఉద్యోగం లేదు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు, సర్టిఫికెట్లు జిరాక్సులు తీసి ఇచ్చాడు, చూద్దాం లే అన్నారు. చివరికి వేరే రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగమొస్తే వెళ్ళి ఆ జట్టుకి ఆడాడు. మనమీదే గోల్స్ కొట్టాడని మా ఊళ్ళో చాలామంది మొహం తిప్పుకున్నారు. ఆయనకి జీతం ఇవ్వని వాళ్ళని ఒక్కరూ ఏమీ అనలేదు. అన్నా, నువ్వు చేసింది సరైన పనే అని అప్పుడు చెప్పాను, ఇప్పుడూ అదే అంటాను.

జాతీయ జట్టు విషయానికి వద్దాం, అసలు గొడవంతా అక్కడే కదా. అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ నిబంధన ప్రకారం, కొత్త దేశం పౌరసత్వం ఉండి, పాత దేశం తరఫున మూడేళ్ళు అధికారిక మ్యాచ్ ఆడకుండా ఉంటే కొత్త దేశానికి ఆడొచ్చు. ష్టెర్బిక్ ఆ మూడేళ్ళూ ఆగి స్పెయిన్ చొక్కా వేసుకున్నాడు. 2013 జనవరిలో బార్సిలోనాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదురుగా డెన్మార్క్, మిక్కెల్ హాన్సెన్‌లాంటి మేటి ఆటగాడు ఉన్న డెన్మార్క్. స్పెయిన్ 35–19తో గెలిచింది. ప్రపంచ ఫైనల్‌లో పదహారు గోల్స్ తేడా! అంతకంటే పెద్ద తేడాతో ఎవరూ ఫైనల్ గెలవలేదు అప్పటికి.

నాకు మాత్రం దానికంటే 2018 ఎక్కువ ఇష్టం. క్రొయేషియాలో యూరో ఛాంపియన్‌షిప్, స్పెయిన్ సెమీస్‌కి వచ్చింది, కుర్ర గోల్‌కీపర్ పెరెస్ దె వర్గాస్ గాయపడ్డాడు. అప్పటికి ష్టెర్బిక్‌కి ముప్ఫై ఎనిమిదేళ్ళు, జట్టులో లేడు. ఫోన్ వెళ్ళింది, విమానమెక్కి జాగ్రెబ్‌లో దిగాడు. సెమీస్‌లో ఫ్రాన్స్ మీద ఆయన్ని బెంచీ మీదే కూర్చోబెట్టి, ఏడు మీటర్ల త్రో వచ్చినప్పుడల్లా లోపలికి పంపారు. ఏడు మీటర్ల త్రో అంటే హ్యాండ్‌బాల్‌లో పెనాల్టీ. విజిల్ ఊదాక మూడు సెకన్లలో విసరాలి, ముందుకాలు నేల వదలకూడదు. కీపర్ నాలుగు మీటర్ల గీత దాకా ముందుకి రావొచ్చు, అంటే ఇద్దరి మధ్యా మిగిలేది మూడు మీటర్లు. అన్నాళ్ళు ఆ టోర్నీలో ఒక్క నిమిషం ఆడలేదు, ఒళ్ళు వేడెక్కలేదు, బెంచీ మీంచి లేచి నేరుగా వచ్చి దాదాపు రెండు మీటర్ల ఎత్తున్న ఆ మనిషి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఒకసారి ఆపితే అదృష్టం అనుకోవచ్చు. ఆయన మళ్ళీ ఆపాడు. విసిరేవాళ్ళు అప్పటికి ఒలింపిక్స్, ప్రపంచ కప్పులు చూసేసిన ఫ్రెంచివాళ్ళు, వాళ్ళ మొహాల్లో అనుమానం కనిపించింది. స్పెయిన్ 27–23తో గెలిచింది. ఫైనల్లో మొదటి సగం అయ్యేసరికి స్వీడన్ 14–12తో ముందుంది, రెండో సగంలో ష్టెర్బిక్‌ని గోల్‌లోకి దింపారు, మ్యాచ్ 29–23తో ముగిసింది. స్పెయిన్‌కి అది మొట్టమొదటి యూరో బంగారు పతకం, అంతకుముందు నాలుగు ఫైనల్స్ ఓడిన దేశానికి. డబ్బు కోసమే ఆడే మనిషి, చేతిలో క్లబ్బు కాంట్రాక్టు ఉన్న ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్క ఫోన్‌కి ఇలా పరిగెత్తుకొస్తాడా?

ఇక్కడ అవతలివాళ్ళ వాదన కూడా న్యాయంగా చెప్పాలి. సెర్బియా అభిమాని బాధ నాకు అర్థమవుతుంది. 2012లో యూరో సెర్బియాలోనే జరిగింది, సెమీస్‌లో క్రొయేషియాని ఓడించి ఫైనల్‌కి వచ్చి బెల్‌గ్రేడ్‌లో సొంత జనం ముందు డెన్మార్క్ చేతిలో 21–19తో ఓడిపోయారు. రెండే గోల్స్ తేడా. మన దగ్గర పుట్టిన ష్టెర్బిక్ మన గోల్‌లో ఉండుంటేనా అని ఎవరికైనా అనిపించడం సహజం. కానీ ఆ టోర్నీలో సెర్బియా గోల్‌లో ఉన్న దార్కో స్టానిచ్ ఆల్‌స్టార్ జట్టులో, అంటే టోర్నీ మొత్తంలో మేటి ఆటగాళ్ళ జాబితాలో, కీపర్‌గా ఎంపికయ్యాడు. ఓడింది గోల్‌కీపర్ వల్ల కాదు, 60 నిమిషాల్లో 19 గోల్సే కొట్టడం వల్ల. లేనివాణ్ణి నిందించడం ఎప్పుడూ తేలికే.

బార్సిలోనాలో 2012 నుంచి 2014 దాకా ష్టెర్బిక్‌తో గోల్ పంచుకున్నవాడు దానియెల్ షారిచ్. ఈయనదీ పాత యుగోస్లావియానే, బోస్నియాలోని దోబోయ్‌లో పుట్టాడు, బోస్నియాకి కూడా ఆడాడు. 2013లో స్పెయిన్‌ని ప్రపంచ ఛాంపియన్ చేసిన కోచ్ వలేరో రివేరా ఆ తర్వాత ఖతర్ వెళ్ళాడు, 2015లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఖతర్‌లో జరిగింది, ఖతర్ గోల్‌లో షారిచ్ ఉన్నాడు. జట్టులో సగానికి పైగా బయటి దేశాల్లో పుట్టినవాళ్ళే, మాంటెనెగ్రో, క్యూబా, ఫ్రాన్స్, స్పెయిన్. ఫైనల్ దాకా వెళ్ళి ఫ్రాన్స్ చేతిలో 25–22తో ఓడారు. నేను గీత గీసేది ఇక్కడ. షారిచ్‌ని నేను తప్పుపట్టను, ఆయన అద్భుతమైన కీపర్. తప్పు పట్టేది టోర్నీ కోసం జట్టుని కొనుక్కునే పద్ధతిని. ఎందుకంటే మన కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి ఖతర్ వెళ్ళి ఎండలో ఏళ్ళకేళ్ళు కష్టపడేవాళ్ళున్నారు, వాళ్ళకి పౌరసత్వం ఊసే ఉండదు, ఉద్యోగం పోతే తిరుగు టికెట్టే. ఒక దేశానికి తన దగ్గర బతికే మనిషిని తనవాడు అనుకోవడానికి ఇరవై ఏళ్ళు చాలకపోతే, ఒక టోర్నీ ఎలా చాలింది? ష్టెర్బిక్ సంగతి వేరు. స్పెయిన్‌లో ఇల్లు పెట్టుకుని, ఆ దేశపు లీగులో వారం వారం ఆడుతూ, కొన్నేళ్ళు బతికాక ఆ జట్టులోకి వచ్చాడు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేసి 'జెండా మార్చాడు' అనడం బద్ధకం.

వెళ్ళిపోయినా సెర్బియాకే ఆడినవాళ్ళున్నారు కదా అంటారు. ఉన్నారు. మోమిర్ ఇలిచ్ అందరికంటే మంచి ఉదాహరణ. అరంజెలోవాత్స్‌లో పుట్టి, జర్మనీలో గుమ్మర్స్‌బాఖ్‌కి, తర్వాత కీల్‌కి, 2013లో వెస్ప్రేమ్‌కి వెళ్ళాడు. కీల్‌తో 2010లో, 2012లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, ఆ 2012 ఫైనల్లో ఓడింది అట్లెటికో మాడ్రిడ్. అదే ఏడాది జనవరిలో సెర్బియా యూరోలో ఉత్తమ ఆటగాడు ఆయనే. నాకు ఇలిచ్ అంటే ఎంతో గౌరవం. కానీ ఆయన్ని చూపించి ష్టెర్బిక్‌ని చిన్న చెయ్యడానికి ఒప్పుకోను. ఇలిచ్ పెరిగిన ఊరు వేరు, భాష వేరు, దేశం ముక్కలైనప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో ముక్క దక్కింది.

2014లో ష్టెర్బిక్ మాసిడోనియాకి, స్కోప్యేలోని వార్దార్ క్లబ్బుకి వెళ్ళాడు. అప్పుడు నవ్వినవాళ్ళున్నారు, బార్సిలోనా వదిలి అక్కడికా అని. 2017లో జర్మనీలోని కొలోన్‌లో వార్దార్ చివరి క్షణాల్లో పారిస్ జట్టుని 24–23తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ష్టెర్బిక్‌కి నాలుగోది. ఆ క్లబ్బు కూడా ఒకే ఒక్క రష్యన్ వ్యాపారి డబ్బు మీద నడిచింది, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాక ఆర్థికంగా చితికిపోయింది. సియుదాద్ రియాల్ కథే, వేరే దేశంలో. 2018లో ష్టెర్బిక్ వెస్ప్రేమ్‌కి తిరిగొచ్చాడు. 2019లో వెస్ప్రేమ్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి చేరింది. 2002లో ఓడిన ఫైనల్ తర్వాత పదిహేడేళ్ళకి అదే క్లబ్బు చొక్కాలో ఆయనకి ఇంకో ఫైనల్. ఎదురుగా వార్దార్, ఏడాది కిందట తను వదిలొచ్చిన జట్టు. వార్దార్ 27–24తో గెలిచింది. డబ్బు వెంట, కప్పుల వెంట పరిగెత్తే మనిషే అయితే ఆయన స్కోప్యే వదిలొచ్చిన ఏడాదే అక్కడ కప్పు పండింది, ఈ లెక్క ఎలా సరిపెడతారు? ఆయన తిరిగొచ్చింది తన భాష వినిపించే ఊరికి. 2020లో ఆట మానేశాక కూడా అక్కడే ఉండి, అదే క్లబ్బులో కుర్ర గోల్‌కీపర్లకి నేర్పుతూ ఉండిపోయాడు.

నిబంధనలు రాసేవాళ్ళకి నేను అడిగేది ఒకటే. పాత జట్టుకి మూడేళ్ళు ఆడకుండా ఆగితే చాలదు, కొత్త దేశంలో అన్నేళ్ళూ బతికి, అక్కడి లీగులో ఆడి ఉండాలని పెట్టండి. అప్పుడు ష్టెర్బిక్‌లాంటివాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు, టోర్నీకి ముందు జట్టు కొనేవాళ్ళకి ఉంటుంది. క్లబ్బు యజమాని మధ్యలో పారిపోతే ఆటగాడి జీతం ఆగకుండా ముందే కొంత సొమ్ము లీగు దగ్గర డిపాజిట్ పెట్టించండి. ఇవి పెట్టకుండా, క్లబ్బులు కూలిపోతుంటే చూస్తూ ఊరుకుని, గోల్‌లో నిలబడ్డవాణ్ణి మాత్రం నువ్వెవరివాడివి అని నిలదీసే హక్కు ఎవరికీ లేదు.